నోటి వాసన

సద్దిగిన్నె మూత తీసేముందు బాలమల్లు ఒకసారి మంచె వైపు చూశాడు. తమ్ముడు మైసన్న మంచె నీడలో గోనెసంచి పరుచుకుని పడుకున్నాడు. మక్కచేను కంకి పట్టింది. పొద్దున్నుంచి డబ్బా కొట్టి పిట్టలను లేపాల్సినవాడు పట్టపగలు గురక పెడుతున్నాడు.

బాలమల్లు నడుము దగ్గర ధోతి రొండిలో నుంచి చిన్న పొట్లం తీశాడు. బూడిదరంగు పొడి. రెండు వేళ్లతో పట్టినంత తీసి పప్పులో వేసి కలిపాడు. కొంచెం ఆగి ఇంకొంత వేశాడు. చేదు తెలియకుండా పక్కన మామిడి తొక్కు పచ్చడి పెట్టాడు. వేళ్లు ధోతికి తుడుచుకుని పొట్లం మళ్లీ రొండిలో దోపుకున్నాడు.

"తమ్మీ, లే. బువ్వ తిను."

మైసన్న లేచి కూర్చోవడానికి చాలాసేపు పట్టింది. కళ్లలో ఎరుపు, ఎరుపు కింద పసుపు. అన్న అందించిన గిన్నె పట్టుకుంటే చేతులు వణికాయి. అన్నం ముద్ద చేసి పప్పులో అద్ది నోట్లో పెట్టుకున్నాడు. తొక్కు ముట్టలేదు. తలెత్తకుండా, మెతుకు మిగలకుండా తిన్నాడు. గిన్నె కడిగి బోర్లించాడు.

బాలమల్లు కంకి ఒలుస్తున్నట్టు కూర్చుని తమ్ముడినే చూస్తున్నాడు. కక్కుతాడేమోనని. కక్కలేదు.

పక్క చేను భూమయ్య గట్టు మీద నుంచి అరిచాడు. "బాలన్నా, మీ చేన్ల కావలి మస్తుగున్నదే. మీ తమ్ముడు మంచె కింద పండుకుంటడు. ఇగ పందులు మంచె ఎక్కి డబ్బా కొడతయి."

మైసన్న నవ్వాడు. బాలమల్లు నవ్వలేదు. గట్టు దాకా నడిచి వెళ్లాడు.

"పని చేస్తలేదు భూమయ్యా, నీ పొడి," అన్నాడు గొంతు తగ్గించి.

"నా పొడి గాదు, గాంధారి ఊరి అంగట్ల ముసలోని పొడి. మా బామ్మర్దికి పెట్టినం. కడుపుల పొడి ఉండంగ కల్లు చుక్క తగిలిందంటె పేగులు బయటికొచ్చేటట్టు కక్కిండు. వారం దినాల్ల మానిండు."

"మావోడు కక్కుతలేడు."

"మరి జరంత ఎక్కువెయ్యి."

తాగనివాడు గనక కక్కడం లేదన్న ఆలోచన బాలమల్లుకు రాలేదు. తాగుడు వాసన అతనికి పుట్టినప్పటి నుంచి తెలుసు. తండ్రి ఆ వాసనతోనే పోయాడు. పట్టపగటి నిద్ర, వణికే చేతులు, ఒకటి అడిగితే ఇంకోటి చెప్పడం, చెప్పిన మాట పొద్దు గూకేసరికి మరిచిపోవడం. ఇవి ఇంకేమవుతాయి. కల్లు కాంపౌండుకు పోయి, మా మైసన్నకు పోస్తే ఊరుకోనని పదిమందిలో చెప్పి వచ్చాడు. "మీ తమ్ముడు నా గడప ఎన్నడు తొక్కిండో, నువ్వే చెప్పాలె," అని కల్లు పోసేవాడు అన్నాడు. అంటే వేరేచోట తాగుతున్నాడు.

పొద్దు వాలుతుండగా బాలమల్లు బీడీ నోట్లో పెట్టుకుని తమ్ముడి దగ్గరికి వెళ్లాడు.

"జర అగ్గి ఉన్నదారా?"

మైసన్న బీడీ కాల్చడు. అతని దగ్గర అగ్గిపెట్టె ఉండదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. చాలా రోజులుగా సాయంత్రం కాగానే ఇదే మాట. మైసన్న కదలకుండా నిలబడ్డాడు. నోరు కొంచెం తెరిచి, అన్న ముఖం మీదికి ఊపిరి వదిలాడు. బాలమల్లు ముక్కుకు ఒక తీపి వాసన తగిలింది. బాగా మగ్గి నల్లబడిన పండు వాసన. కల్లు కాదు. సారా కాదు. మరి ఏం తాగుతున్నాడు వీడు.

"లేదన్నా, అగ్గి," అన్నాడు మైసన్న.

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకు మరదలు, మైసన్న భార్య శాంతవ్వ పరుగెత్తుకొచ్చింది. బాలమల్లు భార్య పోయినప్పటి నుంచి రెండిళ్లకూ ఆమే వండుతుంది.

"బావా, జల్ది రా. ఆయన కక్కుతుండు."

బాలమల్లు చెప్పులు వెతుక్కున్నాడు. తొందరపడలేదు. ఇయ్యాల దొరికిండు అనుకున్నాడు. లోపల ఏదో సంతోషం లాంటిది కదిలింది. నెత్తిమీద రుమాలు సర్దుకుని, అనాల్సిన మాటలు కూడబలుక్కుంటూ నడిచాడు.

వాకిట్లో మైసన్న మోకాళ్ల మీద ఉన్నాడు. ముందర ఇత్తడి తాంబాళం. అందులో ఉన్నది కల్లు కాదు, అన్నం కాదు. నల్లగా, గడ్డలు గడ్డలుగా నెత్తురు.

*

ఎల్లారెడ్డి దవాఖానలో చూసి, ఇక్కడ కాదు కామారెడ్డి తీసుకుపొమ్మన్నారు. బండిలో తాడ్వాయి దాటేదాకా శాంతవ్వ భర్త తలను ఒళ్లో పెట్టుకుని గుడ్డతో మూతి తుడుస్తూనే ఉంది. బాలమల్లు ముందు సీట్లో కూర్చున్నాడు. వెనక్కి చూడలేదు. రొండిలోని పొట్లం బండి కుదిపినప్పుడల్లా పొట్టకు గుచ్చుకుంది.

కామారెడ్డి దవాఖానలో నెత్తురు ఆగే మందు ఎక్కించారు. తెల్లవారాక పెద్ద డాక్టరమ్మ వచ్చింది. తెల్లవెంట్రుకలు కలిసిన జడ, కాళ్లకు మామూలు చెప్పులు. మైసన్న కనురెప్ప లాగి చూసింది. పొట్ట మీద వేళ్లు ఆనించి తట్టింది. చేతులు చాపి, అరచేతులు పైకెత్తి పట్టుకొమ్మంది. మైసన్న చేతులు రెక్క విరిగిన పిట్టల్లా కొట్టుకున్నాయి.

"తాగుతావా?" అని అడిగింది.

"లేదు మేడం."

"తాగుతడు," అన్నాడు బాలమల్లు. "దొంగతనంగ తాగుతడు. పట్టపగలు పండుకుంటడు. మాట తప్పుతడు. నేను వాని అన్నను మేడం. వాడు చెప్పడు."

"బావా," అంది శాంతవ్వ. "ఇంట్ల ఉండేదాన్ని నేను. తాగిన మనిషిని ఎరుగనా?"

"మొగన్ని వెనకేసుకొస్తె దవాఖానల వాడు బాగైతడా?"

డాక్టరమ్మ ఇద్దరి వైపూ చూడలేదు. మైసన్న ముఖం మీదికి వంగి నోరు తెరవమంది. వాసన చూసింది. ఇంత చదివిన మనిషి తను రోజూ చేసే పనే చేస్తుంటే బాలమల్లుకు ధైర్యం వచ్చింది. ఇప్పుడు తేలుతుంది.

"ఎన్నాళ్లయింది ఈ వాసన?"

"వానలు పడ్డకాడికెల్లి," అన్నాడు బాలమల్లు.

"ఇది తాగిన వాసన కాదు. లివర్ పాడైనవాళ్ల నోట్లోంచి వచ్చే వాసన. పగలు నిద్ర, చేతుల వణుకు, మాట తడబాటు, అన్నీ దానివే. లివర్ శుభ్రం చెయ్యాల్సిన విషం తలకెక్కుతుంది. రక్తం పరీక్ష చేస్తే సంగతి తెలుస్తది." తలుపు దాకా వెళ్లి ఆగింది. "పసరు, పొడి, చెట్టుమందు లాంటివి ఏమన్నా తిన్నాడా ఈ మధ్య?"

శాంతవ్వ తల అడ్డంగా ఊపింది. మైసన్న అన్న వైపు చూశాడు. ముఖం వైపు కాదు, నడుము వైపు. తర్వాత కిటికీ వైపు తిరిగాడు.

"లేదు మేడం," అన్నాడు. "ఏం తినలే."

బాలమల్లు రొండి మీద చెయ్యి పెట్టుకున్నాడు. పెట్టుకున్నట్టు తెలిసి, తీసేశాడు.

*

రక్తంలో వైరస్ ఉందని తేలింది. కామెర్ల వైరస్‌లలో ఒకటి. ఒంట్లో చేరితే ఏండ్ల తరబడి చప్పుడు చెయ్యదన్నారు. ఇంటివాళ్లందరి రక్తం చూడాలన్నారు. శాంతవ్వకు లేదు, ఆమెకు టీకా వేశారు. బాలమల్లు చొక్కా చెయ్యి మడిచి కూర్చున్నప్పుడు, ఇది తనకెందుకో అతనికి అర్థం కాలేదు. నర్సు పిల్ల సూది గుచ్చుతుంటే మొహం పక్కకు తిప్పుకున్నాడు.

మర్నాడు డాక్టరమ్మ అతన్ని గదిలోకి పిలిచి కూర్చోమంది. అతను నిలబడే ఉన్నాడు.

"నీకు కూడా ఉంది," అంది. "అదే వైరస్."

"నాకెట్ల ఉంటది? నేను చుక్క ముట్టినోన్ని కాను మేడం. ఊర్ల ఎవలనన్న అడుగుండ్రి."

"అతను కూడా ముట్టలేదు."

బాలమల్లు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మీ అమ్మకు ఉండి ఉంటది," అంది డాక్టరమ్మ. "పురిట్లో ఆమె రక్తం నుంచి మీ ఇద్దరికీ వచ్చి ఉంటది. ఆమెకు కూడా తెలిసి ఉండదు."

తల్లి పొట్ట ఉబ్బి పోయింది. మొగనితో కలిసి ఇదీ దొంగతనంగ తాగిందట అని అమ్మలక్కలు అనుకున్నారు. బాలమల్లు కూడా అదే అనుకున్నాడు. ఇప్పటిదాకా.

"ఒక్క కడుపుల పుట్టినం. వానికెందుకు గట్లయింది, నాకెందుకు కాలే?"

డాక్టరమ్మ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఏం పంట నీది?"

"మక్క."

"పందుల కావలి ఉందా?"

"ఉన్నది. మంచె ఏసినం."

"లివర్‌లో కూడా కావలి ఉంటది. న్యాచురల్ కిల్లర్ కణాలని అంటారు. చంపే కణాలు. ఒకరు చెప్పేదాకా ఆగవు, దొంగ కనపడితే కొడతాయి. మిగతా ఒంట్లో కంటే లివర్‌లోనే అవి ఎక్కువ. కానీ ఈ వైరస్ పుట్టినప్పటి నుంచి ఉండేసరికి వాటికి అది ఇంటి మనిషే అయిపోతది. పందిని చూసి చూసి అలవాటైన కుక్కలెక్క. చూస్తాయి, ఊరుకుంటాయి. ఒకరిలో ఏండ్లకేండ్లు గట్లనే ఊరుకుంటాయి, ఏమీ కాదు. నీలో ఇప్పటికి అంతే. ఇంకొకరిలో ఒకరోజు లేస్తాయి. లేచినా దొంగను పట్టవు. ఇంటి గోడలనే పగలగొడతాయి. మీ తమ్ముడి లివర్‌ను తినేది వైరస్ ఒక్కటే కాదు. కావలి కాయాల్సినవి కూడా."

బాలమల్లు బల్ల అంచు పట్టుకున్నాడు. గోళ్లలో మక్కపీచు ఇంకా ఉంది.

"ఒకటి మాత్రం నాకు అర్థం కావట్లేదు," అంది డాక్టరమ్మ. "వైరస్ ఒక్కటే అయితే ఇంత తొందరగా దిగజారొద్దు. పైనుంచి ఇంకేదో తగిలింది. అదేందో తెలియకుండా నేను ఏ మందు ఇచ్చినా చీకట్లో రాయి వేసినట్టే. ఆయన చెప్పట్లేదు. ఆమెకు తెలియదు. నువ్వు రోజూ వెంట ఉండేవాడివి."

బయట ఎవరో స్ట్రెచర్ తోసుకుపోయారు. చక్రం కిర్రుమంది. అది వరండా చివరికి పోయేదాకా బాలమల్లు ఆ చప్పుడే విన్నాడు. తర్వాత లేచి, రొండి విప్పి, పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు. చెమటకు కాగితం మెత్తబడింది. మడత విప్పుతుంటే చినిగింది.

"తాగుడు మాన్పే పొడి," అన్నాడు. "బువ్వల కలిపిన. చేన్ల."

డాక్టరమ్మ కళ్లజోడు పెట్టుకుంది. కాగితం కొసతో పొడిని దగ్గరికి లాగింది. "ఇందులో తాగుడు మాన్పే ఇంగ్లీషు గోలి నూరి కలుపుతారు కొందరు. మంచి లివర్‌కే అది బరువు. ఆయనకు చెప్పి పెట్టావా?"

"లేదు."

"మొన్న అడిగితే ఎందుకు చెప్పలేదు?"

బాలమల్లు విప్పిన రొండి మళ్లీ బిగించుకున్నాడు.

"బతుకుతడా మేడం?"

"ఇక పొడి పడదు, వైరస్‌కు గోలి మొదలుపెట్టాను. ఆశ ఉంది. మాట ఇవ్వలేను."

"దీంట్ల పొడి చేసిందెంత, రోగం చేసిందెంత?"

"అది ఎవరూ తూచలేరు," అంది ఆమె. "పోయి ఆయనకు చెప్పు. నేను చెప్పను."

*

మైసన్న కళ్లు మూసుకుని ఉన్నాడు. నిద్రపోవడం లేదని సెలైన్ ఉన్న చేతి వేళ్లు కదులుతుంటే తెలుస్తోంది. బాలమల్లు మంచం పక్క స్టూలు మీద కూర్చున్నాడు. దుప్పటి కొస సర్దాడు. సర్దిన కొసను మళ్లీ సర్దాడు.

"తమ్మీ. నీ బువ్వల నేను పొడి కలిపిన. తాగుడు మాన్పే పొడి."

"ఎరుకే."

"ఏం ఎరుక?"

"ఇంట్ల శాంత పెట్టిన పప్పు చేదుండకపోవు. అదే పప్పు చేన్ల నువ్వు పెడితె చేదు." మైసన్న ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "ఎన్నడు నాకు గిన్నె అందియ్యని మనిషివి. నేను లేవకముందే సద్ది విప్పుడు సురువు చేస్తివి. నాకు తెల్వదా?"

"తెలిసి ఎందుకు తిన్నవురా?"

"తినకుంటె, తాగుతుండు గాబట్టి భయపడ్డడు అందువు. తిని కక్కకుంటె నమ్ముతవనుకున్న." కళ్లు తెరిచాడు. పసుపు ఇంకా దిగలేదు. "నేను కక్కకుంటె నువ్వు ఇంకింత వేస్తివి."

బాలమల్లు దుప్పటి కొస వదిలేశాడు.

"దినాం నోరు గూడ చూపించిన," అన్నాడు మైసన్న. "అగ్గి అడిగినప్పుడల్ల."

తలుపు దగ్గర అలికిడి. శాంతవ్వ టిఫిన్ క్యారియర్ పట్టుకుని నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి నిలబడిందో తెలియదు. లోపలికి వచ్చి టిఫిన్ మంచం పక్కన పెట్టింది. ఏడవలేదు. తిట్టలేదు. బావ ముఖం వైపు చూడకుండా కొంగుతో టిఫిన్ మీది తడి తుడిచింది.

బాలమల్లు అలవాటుగా టిఫిన్ అందుకున్నాడు. మూత తీశాడు. ఉప్పు లేని పప్పు, మెత్తగా వండిన అన్నం. ఏదో ఒకటి చెయ్యాలి గనక చెయ్యి పెట్టి కలిపాడు. ముద్ద చేసి, ముందు తన నోట్లో పెట్టుకున్నాడు, తమ్ముడు చూస్తుండగా. మింగాడు. రెండో ముద్ద చేసి మైసన్న నోటి దగ్గరికి తీసుకుపోయాడు.

"చెయ్యి తియ్యన్నా."

"ఏం లేదురా దీంట్ల. నేను తింటి గద."

"ఉన్నదని తెలిసి తిన్న. నువ్వు చెప్పేదాక తిన్న. ఇగ తినను." గొంతులో కోపం లేదు. అలసట కూడా లేదు. "శాంతా, ఇంకింత బువ్వ ఉన్నదా? నువ్వు కలుపు."

శాంతవ్వ కింది గిన్నె తీసి అన్నం వేరుగా పెట్టింది. బాలమల్లు చేతిలో ముద్ద అట్లాగే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. లేచి వరండా చివర నల్లా దగ్గరికి వెళ్లి చెయ్యి కడుక్కున్నాడు. వేళ్లు తెల్లబడ్డాయి గానీ గోళ్ల సందుల్లో పప్పు పసుపు పోలేదు.

*

చేను కావలి లేకుండా ఉంది. మధ్యాహ్నం బాలమల్లు కామారెడ్డి బస్టాండుకు వచ్చాడు. ఎల్లారెడ్డి బస్సు ఆగేచోట భూమయ్య ఎరువు బస్తా మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు.

"బాలన్నా, ఎట్లుండు మైసన్న? నెత్తురు కక్కిండని విన్న."

"ఉన్నడు."

"ఏమైందంటరు?"

"లివర్."

భూమయ్య తల పంకించి శనక్కాయ పొట్టు ఊదాడు. "నేను అననే అంటి. లోపల్లోపల మస్తు తాగిండు."

"తాగలే."

"ఏంది?"

"వాడు తాగలే భూమయ్యా. ఎన్నడు తాగలే."

"నువ్వే గద ఊరందరికి చెప్పింది. కాంపౌండు కాడ నలుగురిల నిలవడి చెప్తివి."

"అబద్ధం చెప్పిన."

భూమయ్య నవ్వాడు. తమ్ముని పరువు కోసం మాట మారుస్తున్న అన్నను చూసి నవ్వే నవ్వు అది. ఊళ్లో ఇకముందు తను ఏం చెప్పినా ఈ నవ్వే ఎదురొస్తుందని బాలమల్లుకు అర్థమైంది. తాగాడన్న మాట వెయ్యడానికి తన నోరు ఒక్కటి చాలింది. తియ్యడానికి చాలదు.

"అది పుట్టుకతోటి వచ్చిన రోగం," అన్నాడు. "అవ్వ నుంచి ఇద్దరికి వచ్చింది. నాకు గూడ ఉన్నదట."

శనక్కాయలు ఒలిచే చెయ్యి ఆగింది.

"నీకు గూడనా? లివర్లనా?"

"లివర్లనే."

ఎల్లారెడ్డి బస్సు మలుపు తిరిగి వచ్చి ఆగింది. జనం తలుపు దగ్గర తోసుకుంటున్నారు. భూమయ్య ఎక్కడానికి లేవలేదు. బాలమల్లును తలపాగా నుంచి చెప్పుల దాకా ఒకసారి చూశాడు. తర్వాత చొక్కా జేబులోంచి బీడీ తీసి మూతిలో పెట్టుకున్నాడు. అదే జేబులో అగ్గిపెట్టె సగం బయటికి కనిపిస్తూనే ఉంది.

"జర అగ్గి ఉన్నదా, బాలన్నా?" అంటూ లేచి దగ్గరికి వచ్చాడు.

బాలమల్లు వెనక్కి జరగలేదు. నోరు కొంచెం తెరిచి, భూమయ్య ముఖం మీదికి ఊపిరి వదిలి, అట్లాగే నిలబడ్డాడు.